డబ్బీ మీద పేరు

మూడు నెలలుగా ఆరోగ్యం మాస్టారి పేరు రాసిన డబ్బీల్లో ల్యాబుకి వెళుతున్నవి ఆయనవి కావన్న సంగతి ఆయనకీ, ఆయన భార్య జోజమ్మకీ తప్ప మరొకరికి తెలియదు. మంగళవారం నర్సు షాలోమి ఫోను చేసి, రిపోర్టుల్లో ఒక తేడా కనిపిస్తోందనీ, అది ఫోన్లో చెప్పేది కాదనీ, గురువారం మధ్యాహ్నం తనే వస్తాననీ చెప్పి పెట్టేసింది. మాస్టారి చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. పోయిన వారం మనం ఆయన్ని అక్కడే వదిలేశాం.

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవారి కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. ముసునూరు మండలంలోని ఆ ఊళ్ళో చర్చి బడికి ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి ఆరోగ్యం. నాలుగేళ్ళ కిందట ఆయనకి కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. డయాలసిస్ దాకా రాలేదు గాని, నయమైపోయే జబ్బు కాదని కూడా చెప్పేశారు. పోయిన ఏడాది చివర్లో నూజివీడు డాక్టరు రాజీవ్ ఒక అధ్యయనం మొదలుపెట్టి, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి రోజూ ఒక పీచుపొడి ఇచ్చి చూస్తామన్నారు. మన పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయట. వాటిలో కొన్ని మనం తిన్న మాంసకృత్తుల్లో మిగిలినదాన్ని కుళ్ళబెట్టి చెడ్డ పదార్థాలు తయారుచేస్తాయి. వాటిని రక్తంలోంచి తీసి పారబోయడం కిడ్నీల పని. నీరసించిన కిడ్నీలకి అది మోయలేని బరువు. పీచు తిని బతికే మంచి రకాలు పెరిగితే ఆ చెడ్డవాటి జోరు తగ్గుతుందేమో, కిడ్నీల బరువు తేలికవుతుందేమో చూడాలని డాక్టరు గారి ఆలోచన. ఆ పొడి మంచివాటికి మేత. అది మందని ఆయన అనలేదు, మందవుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదనే చెప్పారు.

ఆ మాట మాస్టారికి నచ్చింది. తెలియదని చెప్పే డాక్టర్ని అంతకుముందు ఆయన చూడలేదు. ఇంటింటికీ తిరిగి, జబ్బున్న మరో పదిమందిని ఒప్పించి, పదకొండోవాడిగా తనూ సంతకం పెట్టారు. రెండో వారానికల్లా కడుపుబ్బరం మొదలైంది. మూడో ఆదివారం పూజలో బైబిల్లోంచి మొదటి పఠనం చదవడానికి మైకు ముందు నిలబడినప్పుడు, చర్చి అంతా నిశ్శబ్దంగా ఉన్న ఆ ఒక్క క్షణంలో ఆయన కడుపు చేసిన చప్పుడు లౌడుస్పీకర్లోంచి బజారు దాకా వినబడింది. మగవాళ్ళు తలలు వంచుకున్నారు. పిల్లలు దాచుకోలేక నవ్వేశారు. ఆ రోజునుంచి ఆయన పొడి ముట్టలేదు.

అలాగని మానేశానని చెప్పలేకపోయారు. ఊరందరికీ చెప్పి చేర్పించినవాడు ముందుగా తప్పుకుంటే ఏం బాగుంటుంది? అందుకని పొడి జోజమ్మని తాగమన్నారు. నెల తిరిగి షాలోమి డబ్బీలు ఇచ్చి వెళ్ళినప్పుడు, తాగినవాళ్ళే ఇవ్వడం న్యాయమని వాటినీ ఆవిడకే అందించారు. మలానిదొకటి, మూత్రానిదొకటి, రెండు డబ్బీలూ ఒకే కవర్లో వచ్చేవి. రెండూ ఆవిడే నింపింది. రక్తం మాత్రం షాలోమి ఎదురుగా కూర్చుని తీసేది గనక అది ఆయనదే. ఇదీ ఇప్పటిదాకా జరిగింది.

గురువారం రెండున్నరకి వాకిట్లో స్కూటీ ఆగింది. అప్పటికి మాస్టారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో కుర్చీ తుడిచి సిద్ధంగా ఉన్నారు. మామిడి తోటల్లో కాయ కోతకి ఇంకా మూడు వారాలుంది. కోతుల్ని తోలుతున్న కాపలావాళ్ళ డబ్బా చప్పుడు దూరంనుంచి ఆగి ఆగి వినిపిస్తోంది. జోజమ్మ వంటింట్లో కూరముక్కలు ఉడికించి నీళ్ళు వారుస్తోంది. పొటాషియం పోవాలంటే అలా చేయాలని ఎవరో చెప్పినప్పటినుంచి ఆ ఇంట్లో ఏ కూరైనా అంతే, రెండుసార్లు ఉడకాల్సిందే.

షాలోమి ఆ ఊరి పిల్లే. మాస్టారి దగ్గర అయిదో తరగతి దాకా చదువుకుని, నర్సింగ్ చేసి, పెళ్ళయి నూజివీడులో ఉంటోంది. డాక్టరు గారి అధ్యయనంలో ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేది ఆమే. వచ్చి కూర్చుని, హెల్మెట్ కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఫైలు తీసింది. ముఖంలో కోపం లేదు. అదే మాస్టారిని ఎక్కువ కంగారు పెట్టింది. ఈ రెండు రోజుల్లో ఆయన ఒక అబద్ధం, ఒక నిజం రెండూ తయారుచేసి పెట్టుకున్నారు. ఆమె మొదటి మాటని బట్టి ఏది తీయాలో చూసుకుందామనుకున్నారు.

ఆమె ముందు మంచి కబురు చెప్పింది. రక్తం నిలకడగా ఉంది, క్రియాటినిన్ మొదట్లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే. పేగుల్లో కూడా మార్పు కనిపిస్తోంది. మేత అందినట్టే ఉంది, మంచి రకాలు మూడు నెలల్లో బాగా పెరిగాయి, డాక్టరు గారు ఆ కాగితం చూసి సంతోషపడ్డారు. ఇబ్బందల్లా మూడో కాగితంతో. మాస్టారిని చేర్చుకున్న రోజున తీసిన మూత్రంలో ప్రొటీను నామమాత్రంగా ఉంది. ఆ తర్వాత మూడు నెలలూ విపరీతంగా పోతోంది, అదీ నెలనెలా పెరుగుతూ. రక్తం నిలకడగా ఉన్న మనిషిలో ఉన్నట్టుండి ఇంత ఎందుకు పోతోందో తేలడం లేదు. పాత జబ్బు మీద కొత్త జబ్బేదైనా వచ్చిందేమోనని డాక్టరు గారి అనుమానం. సోమవారం ఆసుపత్రిలో చేరాలి. సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు.

మాస్టారికి ముందు కలిగింది ఊరట. దాచడానికి లేదు, అదే కలిగింది. దొరికిపోలేదు. ఆసుపత్రికి వెళితే అక్కడ మళ్ళీ మూత్రం తీస్తారు, ఏమీ ఉండదు, ల్యాబువాళ్ళే ఏదో పొరపాటు చేశారనుకుంటారు, సంగతి అక్కడితో సర్దుకుంటుంది. ఆయన తల కూడా ఊపారు, సోమవారం వస్తానన్నట్టు.

ఊపుతున్న తల సగంలో ఆగిపోయింది.

పేగుల్లో పెరిగిన మంచి రకాలు ఎవరివో ఆయనకి తెలుసు. మరి ఆ పక్క డబ్బీ ఎవరిది?

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని ఆయనకి అప్పుడు తట్టింది.

అంత ప్రొటీను పోతుంటే మనిషికి తెలుస్తుందా అని షాలోమిని అడిగారు, తన గురించే అడుగుతున్నట్టు. తెలియకపోవచ్చని ఆమె చెప్పింది. కొందరికి మూత్రంలో నురగ కనిపిస్తుంది, పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బుతుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. మీ పాదాలు చూపించండి మాస్టారూ అంటూ ఆమె ముందుకి వంగింది. ఆయన కాళ్ళు కుర్చీ కిందకి లాక్కున్నారు.

ఆయన ఆలోచిస్తున్నది వేరే పాదాల గురించి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో తిరుగుతున్న పాదాలు. ఈ మధ్య అవి వాచి ఉన్నాయా లేదా అని ఎంత గుర్తు చేసుకుందామన్నా కళ్ళ ముందుకి రావడం లేదు. చీర అంచు వస్తోంది, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు వస్తున్నాయి, పాదాలు రావడం లేదు. బడిలో ఏ పిల్లాడు ఏ రోజు కుంటుతూ వచ్చాడో చెప్పగలిగిన మనిషాయన.

"అవి నావి కావమ్మాయ్" అన్నారు.

షాలోమికి అర్థం కాలేదు. కాళ్ళ సంగతేమో అనుకుంది.

"ఆ డబ్బీలు. పేరే నాది."

అక్కడినుంచి ఆయన ఏదీ దాచలేదు. పూజలో కడుపు చేసిన చప్పుడుతో సహా వరసగా చెప్పుకొచ్చారు. పాఠం చెప్పినట్టే చెప్పారు గాని, చెబుతున్నంతసేపూ చూపు ఫైలు మీదే పెట్టుకున్నారు. ఆయన ముగించాక షాలోమి ఫైలు మూసింది. మూడు నెలల లెక్క పనికిరాకుండా పోయింది, అది డాక్టరు గారికి చెప్పుకోవాలి. డబ్బీ ఎవరి చేతినుంచి వస్తోందో చూసుకోవాల్సిన బాధ్యత తనది, దానికి మాట పడాలి. అదంతా ఆమె నెమ్మదిగానే చెప్పింది. మాస్టారిని ఎక్కువ పొడిచింది ఆ తర్వాతి మాట.

"మీరే ఇలా చేస్తే, మిగిలిన పదిమందివి ఎవరివో నేనెట్లా నమ్మాలి మాస్టారూ? మీరు చెప్పారనే కదా వాళ్ళు చేరింది."

ఆయన డాక్టరు గారికి తనే స్వయంగా ఉత్తరం రాస్తానన్నారు. రాయండి, నా వంతు నేనూ రాస్తానని ఆమె అంది. అది పక్కన పెట్టి, ముందు పిన్నిని పిలవమంది.

పిలవాల్సిన పని లేకపోయింది. జోజమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా అరుగు మీద కూర్చుంది. మాస్టారి చూపు ఆవిడ పాదాల మీదకి వెళ్ళింది. చెప్పుల పట్టీ దిగినచోట గాడి పడి, దానికి రెండు వైపులా చర్మం ఉబ్బి నిగనిగలాడుతోంది. అది ఇవాళ వచ్చిన వాపు కాదని చూసినవాడికి చెప్పక్కర్లేదు.

షాలోమి మెత్తగా మొదలుపెట్టింది. భయపడాల్సిన పని లేదనీ, తొందరగా తెలిసింది గనక మందులున్నాయనీ, రక్తం కూడా ఒకసారి చూస్తే ఎంతవరకు వచ్చిందో తెలుస్తుందనీ. జోజమ్మ ఆ మాటలన్నీ అడ్డుపడకుండా విని, ఆమె ఆగాక అడిగింది.

"ఈ నెల ఎంతుందమ్మా? పోయిన నెలకంటే పెరిగిందా?"

అలా అడగడంలో ఆశ్చర్యం లేదు, భయం లేదు. పాత లెక్క అడుగుతున్నట్టుంది. షాలోమి మాస్టారి వైపు చూసింది. మాస్టారు భార్య వైపు చూశారు.

"నీకు తెలుసా?" అన్నారు ఆయన.

తెలుసునంది ఆవిడ. నాలుగేళ్ళ కిందట చర్చి ఆవరణలో మెడికల్ క్యాంపు పెట్టినప్పుడు ఆయన జబ్బు బయటపడింది కదా, అదే రోజు ఆడవాళ్ళ వరసలో నిలబడి ఆవిడా పరీక్ష చేయించుకుంది. అక్కడి అమ్మాయి చీటీ మీద ఏదో రాసిచ్చి, ప్రొటీను పోతోంది, పెద్దాసుపత్రిలో చూపించుకోమంది. ఆయన చీటీ ఆయన చదువుకుని, ఇంటికొచ్చి మంచమెక్కారు. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ చీటీ జాకెట్లోనే ఉండిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు జోజమ్మా?"

"మీరు మంచమెక్కారు. నేనూ ఎక్కితే అన్నం ఎవరు వండుతారండీ?"

అందులో నిష్ఠూరం లేదు. అందుకే ఆయనకి తట్టుకోవడం కష్టమైంది. ఆ తర్వాత ఆవిడ చెప్పినదంతా అలాగే చెప్పింది, ఇంటి పనులు చెప్పినట్టు. ఆయనకి ఉప్పు తగ్గించమన్నారు, ఆవిడా తగ్గించుకుంది. ఆయనకి కూరలు రెండుసార్లు ఉడికించమన్నారు, అదే కూర ఆవిడా తింది. పప్పు, మాంసం ఆయన కంచంలో ఎంత తగ్గిందో ఆవిడ కంచంలోనూ అంతే తగ్గింది. నా కోసం పాపం చప్పిడి తింటోందని ఆయన నాలుగేళ్ళుగా చెల్లెళ్ళ దగ్గరా, ఫాదరు గారి దగ్గరా చెప్పుకుంటూ వచ్చారు. అది ఆయన కోసం కాదు. ఆవిడకి తెలిసిన వైద్యం అదొక్కటే.

డబ్బీలు నింపమన్నప్పుడు ఎదురు చెప్పకుండా ఎందుకు ఒప్పుకుందో కూడా చెప్పింది. కవరు విప్పితే అందులో మూత్రం డబ్బీ కనిపించింది. నాలుగేళ్ళలో తన సంగతి ఏమైందో, పెరిగిందో తగ్గిందో చెప్పేవాళ్ళు లేరు. ఆసుపత్రికి వెళితే ఎందుకెళ్ళావంటారు. ఈ డబ్బీ అయితే ఎవరూ అడగరు.

"మీ పేరు మీద నా పరీక్ష అయిపోతోంది కదా అనుకున్నానండీ. నెలనెలా షాలోమి ఫోన్లో అంకెలు చెబుతుంటే మీరు వినకుండానే ఊఁ కొట్టేవారు, నేను పక్కన నిలబడి వినేదాన్ని."

మాస్టారు తనొక మోసం చేశానని రెండు రోజులు కుమిలిపోయారు. ఆ మోసం లోపల ఇంకొకటి ఉందనీ, అందులో తను వట్టి పేరు మాత్రమేననీ ఇప్పుడు తెలిసింది. అయినా ఆయన మనసు ఇంకో చోట పట్టుకుపోయింది. రెండేళ్ళ కిందట, పరిస్థితి విషమిస్తే కిడ్నీ మార్పిడి తప్పదని ఎవరో అన్నప్పుడు, చుట్టాలందరూ కూర్చుని ఉండగా జోజమ్మ లేచి, నాదొకటుంది కదా, ఇస్తాను అంది. ఆ మాట పట్టుకునే ఆయన మళ్ళీ లేచి తిరిగారు. ఊళ్ళో పదిమందికి ధైర్యం చెప్పగలిగారంటే ఆ మాట మీదే.

అడగకూడదనుకుంటూనే అడిగారు.

"మరి ఆ రోజు అందరిలో ఇస్తానన్నావు."

జోజమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. మాట్లాడటానికి అప్పుడు మొదటిసారి తడుముకుంది.

"అప్పటికే పనికిరాదని నాకు తెలుసండీ. ఇవ్వగలిగినా ఇవ్వలేకపోయినా, ఇస్తానన్న మాట మీకు అప్పుడు కావాలి. అదొక్కటే ఇచ్చాను."

తోటలో డబ్బా చప్పుడు మళ్ళీ మొదలై ఆగింది. మాస్టారు కుర్చీలోంచి లేచి, వచ్చి అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నారు. చేయి పట్టుకోవడం ఆ దంపతులకి అలవాటు లేని పని. ఆవిడ మోకాలి మీద పడి ఉన్న కొంగు సర్దారు, అంతే. కోపం రావాలనుకుంటే ఆయనకి వచ్చి ఉండేదే. నాలుగేళ్ళు పక్కనే ఉన్న మనిషి ఒక్క మాట చెప్పలేదన్న కోపం. కానీ ఆ నాలుగేళ్ళలో ఆవిడని నీకెలా ఉందని తను అడిగిన రోజు ఒక్కటి గుర్తు చేసుకుందామంటే దొరకలేదు. ఇక కోపం ఎవరి మీద పెట్టుకోవాలి?

షాలోమి తన పని తను చేసింది. బ్యాగులోంచి సూదీ, ట్యూబులూ తీసి, జోజమ్మ చేయి చాపించి రక్తం తీసింది. కొత్త డబ్బీ ఒకటి తీసి, దాని మీద పెన్నుతో జోజమ్మ పేరు రాసి, వయసెంత అని అడిగింది. యాభై ఎనిమిదని మాస్టారు చెప్పారు. అరవై ఒకటని జోజమ్మ దిద్దింది. సోమవారం ఇద్దరూ కలిసి రావాలనీ, మాస్టారికి ముక్క తీసే పరీక్ష ఇక అక్కర్లేదనీ, ఆవిడకి ఏం చేయాలో డాక్టరు గారే చెబుతారనీ షాలోమి చెప్పింది. పొడి మాత్రం ఈ రోజునుంచి ఇద్దరూ ఆపేయాలి. కడుపు తేలిగ్గానే ఉండేదమ్మా అని జోజమ్మ కొంచెం విచారంగా అనేసరికి, మాస్టారికి ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చినంత పనైంది.

సామాన్లు సర్దుకుంటూ షాలోమి ఒక ప్రశ్న వేసింది. నర్సుగా వేసిన ప్రశ్నే, మరే ఉద్దేశమూ లేదు. ఆ క్యాంపు రోజు ఆడవాళ్ళ వరసలో అలాంటి చీటీ ఇంకెవరికైనా ఇచ్చారా అని.

జోజమ్మ భర్త వైపు చూసింది. దాచినవన్నీ తను చెప్పేసిందని ఆయన అనుకుంటున్నారని ఆవిడకి తెలుసు.

ఇచ్చారంది. తనతో కలిపి నలుగురికి. క్యాంపు అయిపోయాక నలుగురూ చర్చి వెనక పంపు దగ్గర కలుసుకున్నారు. ఎవరి చీటీలో ఏముందో ఒకరికొకరు చదివి చెప్పుకున్నారు. మగవాళ్ళ చెవిన వేయొద్దనీ, పిల్లలకి తెలియనివ్వద్దనీ ఒక మాట అనుకుని విడిపోయారు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. పూజలో ఎదురుపడితే, ఎలా ఉందని కళ్ళతో అడిగేవాళ్ళు, బాగానే ఉందని తల ఊపేవాళ్ళు.

షాలోమి ఫైలు మళ్ళీ తెరిచి పేర్లు చెప్పమంది. కొట్టు శ్రీరాములు గారి భార్య సుభద్ర అని జోజమ్మ చెప్పింది. షాలోమి రాసుకుంది. సాంబయ్య భార్య అని చెప్పింది. షాలోమి పెన్ను ఆపి, ఆవిడ పోయిన ఏడాది గుండెపోటుతో చనిపోయింది కదా అంది.

"గుండె అని వాళ్ళనుకున్నారు. చివరి నెలలో ముఖం ఎట్లా ఉబ్బిపోయిందో నేను చూశాను."

ఆ అంత్యక్రియలకి మాస్టారు వెళ్ళారు. సమాధి దగ్గర నాలుగు మాటలు మాట్లాడింది కూడా ఆయనే.

"మీరు కాక ఇద్దరయ్యారు పిన్నీ. ఇంకొకరు ఎవరు?" అంది షాలోమి, తల ఎత్తకుండా, రాయడానికి సిద్ధంగా.

జోజమ్మ అరుగు మీదనుంచి లేచింది. మోకాళ్ళ మీద చేయి ఆనించుకుని, మెల్లగా లేచి, ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేసింది.

"ఆవిడ కూతురికి చెప్పనని మాటిచ్చానమ్మా. ఇప్పుడు ఆ మాట తప్పాను."

పెన్ను కాగితం మీద అలాగే నిలిచిపోయింది. ఆ పేరు రాయక్కర్లేదు. షాలోమి తల్లి ఇల్లు అదే వీధిలో, అక్కడికి ఆరో ఇల్లు. ఇప్పుడే అటునుంచి వస్తూ ఆమె స్కూటీ ఆపకుండా చేయి ఊపింది. తల్లి వాకిట్లో కూర్చునే బాగున్నానన్నట్టు తల ఊపింది.

షాలోమి లేచింది. ఫైలూ, హెల్మెటూ, బ్యాగూ అన్నీ అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి దిగి నడవడం మొదలుపెట్టింది.